పులితోలు మీద ఇరుసు తగువు

ఎద్దులమ్మి లారీ కొన్నవాడు శృంగవరపుకోట మొత్తానికి పోలయ్య ఒక్కడే. అంతకు ముందు అతనిది నాటుబండి. కోటలో ఉప్పూ, కిరసనాయిలూ, ఎండుచేపలూ ఎక్కించుకుని అనంతగిరి ఘాటీ మీదుగా అరకు సంతకి తోలేవాడు. తిరుగు దారిలో పసుపూ, వలిసెలూ, చింతపండూ దింపుకొచ్చేవాడు. ఘాటీ ఎక్కేసరికి ఎద్దుల నోట నురగ, పోలయ్య నోట బూతులు. మన్యంలో పితూరీ అణిగాక సర్కారువారికి ఉన్నట్టుండి కొండల మీద ప్రేమ పుట్టుకొచ్చి ఆ రోడ్డు వెడల్పు చేయించారు. వెడల్పైన రోడ్డు చూసేసరికి పోలయ్యకి మనసాగలేదు. ఎద్దులూ, బండీ, మామగారిచ్చిన మెట్టచెక్కా అన్నీ అమ్మేసి, విశాఖపట్నంలో మోటార్లు అమ్మే దుకాణం నుంచి కొత్త లారీ తోలుకొచ్చాడు.

"ఎద్దు సస్తే తోలైనా మిగుల్తాది. ఇది సస్తే ఏటి మిగుల్తాదయ్యా?" అంది అతని భార్య రాజులమ్మ.

"దీనికి గ్యారంటీ ఉందే. ఏడాది దాకా ఏ ఇనుం ఇరిగినా కంపెనీవోలే కొత్తది ఇత్తారు. నీ ఎద్దుకి కాలిరిగితే ఎవుడిచ్చినాడు?" అన్నాడు పోలయ్య.

ఆ మాటకి రాజులమ్మ నోరు మూతపడింది. నోరు మూతపడినంత మాత్రాన ఆడది ఒప్పుకున్నట్టు కాదు.

ఘాటీలో లారీ తోలడం ఒక్కడి వల్లయ్యే పని కాదు. తోలేవాడు లోపల ఉంటే, దిమ్మవాడు బయట మెట్టు మీద నిలబడాలి. వాడి చేతిలో బరువైన వేగిస కర్ర దిమ్మ ఉంటుంది. ఎక్కుడులో బండి ఆగిపోయి వెనక్కి జారబోతే, వాడు ఒక్క ఉదుటున దూకి వెనక చక్రం కింద దిమ్మ తోసెయ్యాలి. ఇంజను మళ్ళీ అందుకున్నాక దిమ్మ లాక్కుని పరిగెత్తుకుంటూ ఎక్కాలి. పోలయ్యకి ఆ పని చేసేవాడు సోంబరు, ఘాటీ పైన ఉన్న చీపురువలస కొండవాడు. మాట తక్కువ మనిషి. లారీ మెట్టు మీద నిలబడ్డప్పుడు మాత్రం పెళ్ళికొడుకులా నవ్వేవాడు. సంతరోజు అతని పెళ్ళాం కనక చీపురుకట్టలు నెత్తినెత్తుకుని రోడ్డు మీదకొస్తే, పోలయ్య బండాపి ఎక్కించుకునేవాడు.

ఆశ్వయుజం ఆఖరి సంతకి బయల్దేరిన రోజు పోలయ్య చేసిన పని ఒకటుంది. ఎదురుగా కొండల మీద మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడితే రెండో విడత ఎక్కడం కుదరదు, షావుకార్లు సరుకు తీసుకోరు. అందుకని రెండు విడతల్లో ఎక్కించాల్సిన ఉప్పు బస్తాలు ఒక్క విడతలోనే వేశాడు. వాటి మీద మనుషులు.

"బావూ, బరువెక్కువైపోనాది. సగం దింపీ. రేపొచ్చి అట్టుకెల్దాం," అన్నాడు సోంబరు.

"మబ్బు కనపడ్నేదా నీకు? బేగి ఎక్కు," అన్నాడు పోలయ్య.

సోంబరు మెట్టెక్కాడు. వెనక ఉన్నవాళ్ళెవరికీ ఈ మాటలు వినపడలేదు.

ఘాటీలో నిటారు మలుపు దగ్గర లారీ కింద ఫెళ్ళున చప్పుడైంది. వెనక ఇరుసు రెండు ముక్కలైంది. ఆ లారీకి ఇరుసు పోతే బ్రేకూ పట్టదు. బండి వెనక్కి జారడం మొదలెట్టింది, వెనక లోయ. పోలయ్య బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. మనుషులు కేకలు పెట్టారు. సోంబరు దూకి దిమ్మ తోశాడు. చక్రం దిమ్మనెక్కి దాటబోతే రెండు చేతులతో పట్టి, భుజమానించి మళ్ళీ తోశాడు. లారీ ఆగింది. ఆగేముందు అతన్ని కొండరాతికి నొక్కేసింది. బస్తాల మీద కూర్చున్నవాళ్ళలో ఒక్కరికి గోరు కూడా ఊడలేదు. సోంబరు మాత్రం లేవలేదు.

చీపురువలసలో ఒక కట్టుబాటుంది. మనిషి ప్రాణం తీసిన ఇనుము ఊళ్ళో తిరక్కూడదు. అది గొడ్డలైనా సరే, బాణం ములికైనా సరే, తీసుకెళ్ళి జాకరమ్మ రాళ్ళ దగ్గర పెట్టాలి. చైత్రంలో ఇటికల పండగ అనే వేటపండగ వెళ్ళి, చచ్చినవాడికి రాయి నిలబెట్టేదాకా అది అమ్మవారి చేతిలో ఉండాలి. లేకపోతే ఆ ఇనుము రెండో ప్రాణాన్ని వెతుక్కుంటుంది. ఆ ఊరి దిసారి భీముడు, అంటే ముహూర్తాలూ మొక్కులూ చూసే ముసలాయన, ఒక ముక్క లోయలో పడిపోగా మిగిలిన ఇరుసు ముక్క ఎత్తమన్నాడు. ఏడుస్తూ ఏడుస్తూ పోలయ్యే దాన్ని భుజాన వేసుకుని కొండెక్కాడు. తన చేతులతోనే రాళ్ళ మధ్య పెట్టాడు. పెట్టేటప్పుడు విరిగిన మొహం కంటపడింది. సగం తెల్లగా మెరుస్తోంది. సగం నల్లగా, మాడిన బెల్లప్పాకంలా బుడగలు బుడగలుగా ఉంది. ఆ క్షణాన అతను దాన్ని గురించి ఆలోచించలేదు. మనిషి పోయినప్పుడు ఇనుం సంగతి ఎవడికి పడుతుంది?

నాలుగు రోజులు పోయాక పట్టింది. పట్టాక మరి వదల్లేదు. ఆ నలుపు మొదట్నుంచీ ఉన్నదే. కంపెనీవాళ్ళు పుచ్చు ఇరుసు బిగించి పంపారు. ఆ మాట తనకి తాను చెప్పుకున్నప్పుడల్లా గుండె మీద బరువు కాస్త దిగినట్టుండేది. సోంబర్ని చంపింది ఇనుము, నేను కాదు. వెంటనే ఉప్పు బస్తాలు గుర్తొచ్చేవి. కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయేది.

విశాఖపట్నం వెళ్ళాడు. దుకాణంలో లారీ అమ్మేనాడు కుర్చీ వేసి సోడా కొట్టించినవాళ్ళు, ఈసారి గుమ్మం దగ్గరే నిలబెట్టారు. మద్రాసు పెద్ద ఆఫీసుకి రాసి, జవాబు తెప్పించి చదివి వినిపించారు. ఇరుసు పరీక్ష చేసి పంపిన సరుకు, విరిగిందంటే తోలిన చేతి తప్పు. కాదంటావా, విరిగిన ముక్క చూపించు. గ్యారంటీ మాఘమాసంతో ఆఖరు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. పైగా తోలినవాడి తప్పేనన్న ఆ మాటనే పోలీసులకీ రాశారు. తప్పు తేలితే లైసెన్సు లాగేసుకుంటామని కోట పోలీసులు కబురంపారు.

పోలయ్య ముందు నుయ్యి, వెనక గొయ్యి. ముక్క జాకరమ్మ దగ్గరుంది. చైత్రం దాకా కదపకూడదు. మాఘం దాటితే గ్యారంటీ లేదు. దొంగతనంగా తెచ్చుకుంటే ఆ కొండ మీద ఒక్క మనిషి మళ్ళీ అతని బండెక్కడు. తెచ్చుకోకపోతే బండే లేదు. బండి పోతే పోనీ, సోంబర్ని చంపినవాడన్న పేరు కాయితం మీదకెక్కి స్థిరపడిపోతుంది.

పుష్యమాసంలో కంపెనీవారి ఇనస్పెక్టరు దిగాడు. పేరు వరహాలరావు, విజయనగరం మనిషి, మద్రాసులో చదువుకున్నాడు. తెల్ల టోపీ, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, జేబులో భూతద్దం. ఘాటీ మొదట్లో కారాపి, బంట్రోతుని వెంటబెట్టుకుని విరిగిన లారీ చూడ్డానికొచ్చాడు.

"ముక్క ఏదోయ్?" అన్నాడు.

"అమ్మోరి కాడుంది బావూ."

"అమ్మవారికి ఇరుసెందుకు? ఆవిడకి కూడా లారీ ఉందా?" అని నవ్వాడు వరహాలరావు. బంట్రోతు నవ్వలేదు. అతను ఘాటీ కింద గ్రామంవాడు, చీపురువలసలో బంధుత్వం లేకపోయినా భయం మాత్రం ఉంది.

"ఒక్క పాలి కొండెక్కి సూడండి బావూ. మీ కంటితో మీరు సూత్తే సాలు."

ఏ కళనున్నాడో, వరహాలరావు ఒప్పుకున్నాడు. ఎక్కుతూ దారి పొడుగునా కొండనీ, ముళ్ళనీ, పోలయ్యనీ తిడుతూనే ఉన్నాడు. పోలయ్యకి ఆ తిట్లేవీ చెవికెక్కలేదు. కనక ఏమంటుందో అన్నదొక్కటే గుబులు.

చీపురువలసలో పెద్దలంతా రాళ్ళ దగ్గర చేరారు. పోలయ్య భీముడి కాళ్ళ దగ్గర కూర్చుని సంగతంతా చెప్పాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"నీ సేత్తో నువ్వే ఎట్టినావు. ఇచ్చింది తిరిగి అడుగుతారా పోలయ్యా?"

"ఎత్తుకుపోను తాతా. ఈ బావు సూత్తాడు. అంతే."

"అది నా సేతిలో నేదు. మనిషి ఎవులిదైతే మాట ఆలదే," అని భీముడు కనక వైపు చూశాడు.

కనక పసిబిడ్డని చంకనేసుకుని నిలబడి ఉంది. మెడలో పూసలు లేవు, తీసేశారు. ఆమె పోలయ్య మొహంలోకి చూసింది. సోంబరు పోయాక ఆమె అతన్ని అలా చూడడం అదే మొదలు.

"ఈ ఇనుం సూత్తే ఏటి తెలుత్తాది?"

"సోంబరు పేణం ఎలాగ పోనాదో తెలుత్తాది," అన్నాడు పోలయ్య.

"ఇనుం తీసిందా, నువ్వు తీసినావా, అదా?"

పోలయ్య అవునన్నట్టు తలూపాడు.

"అలగైతే సూడనీ," అంది కనక. "సూసినోలు తోలు మీద నిలబడి సెప్పాల. ఆ బావూ సెప్పాల. నువ్వూ సెప్పాల."

పెద్దలు తలలూపారు. ఆ కొండల్లో తగువు తెగాలంటే అదే పద్ధతి. భీముడి ఇంటి అటక మీంచి పాత పులితోలు దింపారు. జుట్టు సగం రాలిపోయింది, మొహం ఎలకలు కొరికేశాయి. అయినా దాన్ని పరిచేసరికి పిల్లలు కూడా నోళ్ళు మూసుకున్నారు. దాని మీద నిలబడి, గుప్పిట్లో మట్టీ బియ్యమూ పట్టుకుని, తెలిసింది తెలిసినట్టు చెప్పాలి. చెప్పినవాడు ఆ పొద్దే, ఎవరి తోడూ లేకుండా, అడవి దారిన ఇంటికి పోవాలి. ఆడినది అబద్ధమైతే పులి చూసుకుంటుంది. దారి మధ్యలో వెనక్కి తిరిగొచ్చాడంటే ఆడిన మాట వెనక్కి తీసుకున్నట్టే. ఆ తోలు మీద అబద్ధమాడిన మనిషిని చీపురువలసవాళ్ళు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అందుకని ఆ తోలు మీంచి ఏ మాటొచ్చినా నమ్మేస్తారు.

కనక ఇరుసు ముక్క రాళ్ళ మధ్యనుంచి తీసింది. పసుపూ, కోడినెత్తురూ గట్టిపడి అంటుకుపోయాయి. భీముడు చింతపండు నీళ్ళు పోసి రుద్దాడు. వరహాలరావు గొంతుక్కూర్చుని భూతద్దం పెట్టి చూశాడు. పోలయ్య అతని చేతినే చూస్తున్నాడు. తెల్లటి చోట్ల చకచకా తిరిగిన అద్దం నల్లటి మచ్చ దగ్గరికొచ్చి ఆగింది. కాస్త దగ్గరికెళ్ళింది. కాస్త దూరం జరిగింది. వరహాలరావు పెదవి చప్పరించి అద్దం జేబులో పెట్టుకున్నాడు. చూశాడు! పోలయ్యకి ప్రాణం లేచొచ్చింది. చూసినవాడు చెప్పక ఎక్కడికి పోతాడు?

వరహాలరావు బూట్లతోనే తోలెక్కబోతే విప్పమన్నారు. విసుక్కుంటూ విప్పాడు. మట్టీ బియ్యమూ గుప్పిట్లో పోశారు.

"ఇరుసులో లోపమేమీ లేదు. మంచి ఇనుము," అన్నాడు, గడియారం చూసుకుంటూ.

"సెప్పాల్సింది ఇంకేటైనా మిగిలిందా?" అని అడిగాడు భీముడు. అది కూడా ఆచారమే.

"ఏమీ మిగల్లేదు."

అంతే. ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు. ఊరంతా నెమ్మదిగా పోలయ్య వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ అతనికి చోడి అంబలి పోసినవాళ్ళు, సోంబరు పాడె మోసినప్పుడు పక్కన నడిచినవాళ్ళు, ఒక అడుగు వెనక్కి జరిగారు. తోలు మీద మనిషి అబద్ధమాడతాడా? ఇనుము మంచిదైతే మిగిలింది పోలయ్య. కనక బిడ్డని ఇంకో చంకకి మార్చుకుంది. పోలయ్యకి అరవాలనిపించింది, ఆ తెల్లటోపీ లాగి లోయలో పారేయాలనిపించింది.

"నువ్వెక్కు," అన్నాడు భీముడు.

తోలు పాదాల కింద గరగరమంది. మట్టి చల్లగా ఉంది.

"ఇనుంలో మచ్చుంది," అన్నాడు పోలయ్య. "సగం ముందే పుచ్చిపోయుంది. నా కల్లతో సూసినాను. ఆ బావూ సూసినాడు."

"ఇంకేటైనా మిగిలిందా?"

లేదు అంటే అయిపోతుంది. ఆడినదాంట్లో అబద్ధం లేదు కదా. మిగిలినదాన్ని గురించి సోంబరుకి తప్ప ఎవరికీ తెలీదు, సోంబరు లేడు. పక్కనే వరహాలరావు చెవులు రిక్కించుకుని ఉన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. గుప్పిట్లో బియ్యం చెమటకి తడిసి అంటుకుపోయాయి. భీముడు మళ్ళీ అడగలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డాడు.

"మిగిలింది," అన్నాడు పోలయ్య. "ఆ దినం బరువెక్కువేసినాను. రెండు ఇడతల ఉప్పు ఒక్క ఇడతలో ఏసినాను. దింపీమని సోంబరు సెప్పినాడు. నాను ఇన్నేదు. బేగి ఎక్కమన్నాను. ఎక్కినాడు."

కనక మొహంలో ఏమీ కదల్లేదు. వరహాలరావు మొహంలో మాత్రం దీపాలు వెలిగాయి.

"విన్నారుగా! వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు. బరువు మించితే గ్యారంటీయే లేదు. ఇరుసు పుచ్చైతే ఏం, బంగారమైతే ఏం! పదరా," అని బంట్రోతుని పిలిచాడు.

బంట్రోతు నేల మీద చతికిలబడ్డాడు.

"నాను రాను బావూ."

"రావా? ఏం రోగం?"

"తోలు మీద సెప్పినోలు ఒక్కలే ఎల్లాల. మీ ఎనకాతల నడిత్తే నన్ను కూడా అట్టుకుపోద్ది. నాకు పిల్లలున్నారు."

వరహాలరావు ఊరివాళ్ళని దారి చూపించమన్నాడు. దారి చూపించారు, వేలు పెట్టి. తోడెవరూ కదల్లేదు. దివిటీ ఇమ్మన్నాడు, ఇచ్చారు. పోలయ్యకి కొండవాగు గెడ్డ వెంబడి కాలిదారి, ఇనస్పెక్టరుకి పైనున్న మోటారు రోడ్డు. పొద్దు కొండ వెనక్కి వాలుతోంది.

పోలయ్య గెడ్డలోకి దిగాడు. నిజం చెప్పినవాడికి భయం ఉండదంటారు. ఆ మాటన్నవాడు పుష్యమాసం సందెవేళ వెదురు డొంకల్లో ఒంటరిగా నడిచి ఉండడు. ఆకు కదిలితే పోలయ్య గుండె ఆగుతోంది. అయినా అతని కళ్ళు ఎదుటి కొండ మీది రోడ్డు వైపే పోతున్నాయి. మంచు సందుల్లోంచి తెల్లటోపీ కనిపిస్తోంది. ముందు దర్జాగా నడిచింది. తరవాత నెమ్మదించింది. నిటారు మలుపు దగ్గర, సోంబరు నలిగిన రాయి దగ్గర, పూర్తిగా ఆగిపోయింది. అప్పుడే ఎక్కడో కణుజు దుప్పి భయంతో అరిచింది, ఆ వెంటనే ఇంకొకటి. పులిని చూస్తే తప్ప కణుజులు అలా అరవవని కొండవాళ్ళంటారు. పోలయ్య గెడ్డలో రాయి మీద రాయిలా నిలబడిపోయాడు. మంచు దట్టంగా దిగి రోడ్డుని కప్పేసింది. టోపీ ఎటు పోయిందో కనపడలేదు.

"బావూ!" అని అరుద్దామనుకున్నాడు. కొండ మీదకి పరిగెత్తి చూసొద్దామనుకున్నాడు. కానీ వెనక్కి తిరిగితే ఆడినమాట అబద్ధమైపోతుంది. ఆ మనిషి ఏమయ్యాడో తెలీకుండా, తన బతుకు ఏమవుతుందో తెలీకుండా, పళ్ళు బిగబట్టి కిందికే నడిచాడు. ఇల్లు చేరి గుమ్మంలో కూలబడితే రాజులమ్మ ఏమైందని అడిగింది. అంతా చెప్పాడు, ఉప్పు బస్తాల మాటతో సహా. రాజులమ్మ లేచి వేణ్ణీళ్ళు పెట్టింది.

మర్నాడు పొద్దెక్కాక ముందు బంట్రోతు వచ్చాడు, చెప్పాల్సిన కథ కడుపులో పట్టక ఉబ్బిపోయి. వరహాలరావు మలుపు దగ్గర్నించి వెనక్కి తిరిగాడట. బూటొకటి దారిలోనే పోయిందట. చీపురువలస పొలిమేరలో పడుతూ లేస్తూ వచ్చి, ఎవరూ అడక్కుండానే, "ఇరుసు పుచ్చు, ఇరుసు పుచ్చు," అన్నాడట. భీముడు మళ్ళీ తోలు పరిపించి, మాట సరిగ్గా చెప్పించుకుని, మాట దిద్దుకున్నవాడికి మళ్ళీ ఒంటరి నడక లేదని అంబలి పోసి పడుకోబెట్టాడట. తెల్లారేక ఊరు ఊరంతా దిగి కారు దాకా దిగబెట్టారట.

"'నాను పరిగెట్టిన మాట కోటలో సెప్పకురా, ఆడి బరువు మాట నాను మద్రాసుకి రాయను' అన్నాడు ఆ బావు. నాను ఒట్టేసినాను," అన్నాడు బంట్రోతు. ఒట్టు వేసినవాడు సాయంత్రానికల్లా కోటలో ప్రతి అరుగు మీదా ఆ కథ చెప్పాడు. అయితే ఇనస్పెక్టరు మాత్రం తన మాట నిలబెట్టుకున్నాడు.

బంట్రోతు వెనకాలే కనక వచ్చింది. ఇరుసు ముక్క పాతగుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకుని, ఘాటీ అంతా నడిచి దిగింది. గుమ్మం ముందు దింపింది.

"ఆ బావు దీన్ని సూపించమన్నాడు మీ కంపినీకి. అమ్మోరికి సెప్పుకుని తెచ్చినాను. పనైపోనాక మల్లీ తెచ్చి ఎట్టీ."

పోలయ్య ఆ ముక్క ముందు మోకరిల్లినంత పని చేశాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"సూసినావా కనకా, ఇనుమే! నాను సెప్పినాను కదా. ఇనుమే తీసింది."

"ఇరిగింది ఇనుం తప్పు," అంది కనక. "బరువేసింది నువ్వు. ఆడు ఒద్దన్నాడు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే పోలయ్య కాళ్ళు పట్టుకునేవాడు. రాజులమ్మ చేటలో బియ్యం తెచ్చిస్తే కనక తీసుకుని కొంగులో పోసుకుంది. మంచినీళ్ళు తాగింది. ఎండ ముదరకముందే వెళ్ళిపోయింది.

మాఘం వెళ్ళకముందే విశాఖపట్నం నుంచి కొత్త ఇరుసు వచ్చింది. దుకాణంవాళ్ళు మళ్ళీ కుర్చీ వేశారు, సోడా కొట్టించారు. పోలయ్య తాగలేదు. పోలీసులు లైసెన్సు ఊసెత్తలేదు. కాయితాల మీద సోంబర్ని చంపింది పుచ్చు ఇరుసు. ఆ సంగతి పోలయ్య ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు. పాత ముక్క జాకరమ్మకి అప్పగించి, చైత్రంలో రాయి నిలబెట్టేనాడు అందరితో పాటు తట్ట మోశాడు.

తరవాత చాలా ఏళ్ళు అతను ఆ ఘాటీలో లారీ తోలాడు. షావుకార్లకి మాత్రం అతనంటే ఒళ్ళు మంట. ఎంత మబ్బు పట్టినా, ఎంత బతిమాలినా ఒక్క బస్తా ఎక్కువ వేసుకునేవాడు కాదు. "ఆ బండికేటి బాలెంతరోగమా?" అని ఎగతాళి చేసేవారు. పోలయ్య వినీ విననట్టు ఊరుకునేవాడు. కొండవాళ్ళు మాత్రం ఇంకే మోటారు వచ్చినా వదిలేసి, అతని బండి కోసమే రోడ్డు పక్కన కూర్చునేవారు. తోలు మీద నిజం చెప్పి ఇంటికెళ్ళినవాడు కదా.

కనక మాత్రం ఎక్కేది కాదు. ప్రతి సంతకీ చీపురుకట్టలు నెత్తిన పెట్టుకుని, కొడుకుని నడిపించుకుంటూ ఘాటీ రోడ్డెంబడి నడిచేది. పోలయ్య ప్రతిసారీ బండి ఆపేవాడు. ఇంజను ఆపకుండా, దిగి, వెనక తలుపు తనే తీసి నిలబడేవాడు. బండిలో చోటుండేది. ఆమె కోసమని అతను ఎప్పుడూ చోటుంచేవాడు.

కనక రోడ్డు పక్కకి ఒదిగి బండికి దారి ఇచ్చేది.

"ఎల్లు బావూ," అనేది. "నానెక్కితే బరువైపోద్ది."

పోలయ్య తలుపు వేసి, ఎక్కి, బండి కదిపేవాడు.